ఐదుగురు సంతకం పెట్టే ఆన్‌లైన్ ఫారం: ఊళ్లోకి పంపే ముందు ఏమేం పరీక్షించాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు రైతు సంఘాలు, చేనేత సొసైటీలు, ప్రైవేటు బడులు తమ కాగితం ఫారాలను ఆన్‌లైన్‌లోకి మారుస్తున్నప్పుడు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. అందరికీ అర్థమయ్యేలా ఒకే ఉదాహరణ తీసుకున్నాను: బత్తాయి రైతుల సంఘంలో చేరే సభ్యత్వ ఫారం. దాని మీద ముందు రైతు, తర్వాత నామినీ, ఆ తర్వాత ఇద్దరు సాక్షులు, చివర సంఘం కార్యదర్శి సంతకం పెట్టాలి.

ఫారం తయారైంది, నింపి చూశాం, బాగానే ఉంది. ఇంకా పరీక్ష దేనికి?

ఒక్కరు నింపే ఫారమైతే నింపి, పంపి, చేరిందో లేదో చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. నలుగురైదుగురి సంతకాలు కావాల్సిన ఫారం ఎక్కువగా చెడేది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే మధ్యలోనే. రైతు సంతకం అయిపోతుంది, నామినీకి మెసేజ్ రాదు. నామినీ పెడుతుంది, సాక్షి లింక్ తెరిస్తే రైతు రాసిన ఎకరాల లెక్క ఖాళీగా కనిపిస్తుంది. సాక్షులిద్దరూ పెట్టేస్తారు, కార్యదర్శికి మాత్రం ఇంకా ‘పెండింగ్’ అనే చూపిస్తుంది. ఎవరి పేజీ వాళ్లు విడిగా చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అందుకే మొదటి సంతకం నుంచి చివరి పీడీఎఫ్ చేతికొచ్చేదాకా ఒక్క ఫారాన్ని వెంబడించి చూడాలి.

గూగుల్ ఫారం సరిపోదా? అది ఉచితం కదా.

వివరాలు సేకరించడానికి సరిపోతుంది. సంతకాలకు సరిపోదు. అందులో ఒక్కొక్కరు పంపింది ఒక్కొక్క విడి జవాబుగా చేరుతుంది. రైతు రాసిన దాన్నే నామినీ చదివి, దాని కిందే సంతకం పెట్టే వీలు దానంతట అది ఇవ్వదు.

పరీక్షకు ఎంతమంది కావాలి? నేనొక్కడినే అందరి పాత్రలూ వేసి చూడొచ్చా?

మొదటి విడత మీరొక్కరే చేయొచ్చు. జీమెయిల్ ఉంటే ఒక ఉపాయం ఉంది. మెయిల్ ఐడీలో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి రైతు, నామినీ, సాక్షి1 అని ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చండి. సిస్టమ్‌కు అవి వేరువేరు ఐడీలు, ఉత్తరాలన్నీ మాత్రం మీ ఒక్క ఇన్‌బాక్స్‌కే వస్తాయి. అయితే అన్ని లింకులనూ ఒకే బ్రౌజర్‌లో తెరవకండి. రైతుగా లాగిన్ అయిన గుర్తు బ్రౌజర్‌లో మిగిలిపోయి, నామినీ పేజీ కూడా రైతు పేరుతోనే తెరుచుకోవచ్చు. అది ఫారం తప్పో, బ్రౌజర్ తప్పో తెలియక సగం రోజు పోతుంది. ఒక్కో పాత్రకు ఒక్కో ఇన్‌కాగ్నిటో కిటికీ (పాత లాగిన్ గుర్తులు లేకుండా తెరుచుకునేది) తెరిచి, పని కాగానే మూసేయండి.

రెండో విడతకు మాత్రం నిజంగా ఐదుగురు మనుషులు, ఐదు ఫోన్లు కావాలి. వాళ్లలో కనీసం ఇద్దరు ఆఫీసుతో సంబంధం లేనివాళ్లయితే మంచిది. ఫారం తయారుచేసినవాళ్లకు ఏ బటన్ ఎక్కడుందో ముందే తెలుసు. తెలియనివాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో పక్కన కూర్చుని చూడండి. ‘ఇక్కడ నొక్కన్నా’ అని మీరు చెప్పాల్సి వచ్చిందంటే ఆ చోట మాట మార్చాలన్నమాట.

సంతకాల వరుసను ఎలా పరీక్షించాలి?

సంతకాలు రెండు రకాలుగా తీసుకోవచ్చు: ఒకరి తర్వాత ఒకరు, లేదా అందరూ ఒకేసారి. మన ఉదాహరణలో రెండూ ఉన్నాయి. రైతు, నామినీ వరుసగా పెట్టాలి. సాక్షులిద్దరిలో ఎవరు ముందైనా పరవాలేదు. ఆ ఇద్దరిదీ అయ్యాకే కార్యదర్శి వంతు. ఇలా కలిసి ఉన్న వరుసలోనే తికమకలు ఎక్కువ.

ముందు సవ్యంగా జరిగే దారి చూడండి. తర్వాత కావాలనే అడ్డదిడ్డంగా చేయండి. రెండో సాక్షి మొదటి సాక్షి కంటే ముందు పెడితే ఏమవుతుంది? సాక్షుల సంతకాలు కాకముందే కార్యదర్శి లింక్ తెరిస్తే ‘మీ వంతు ఇంకా రాలేదు’ అని తెలుగులో చెబుతుందా, లేక ఎర్ర అక్షరాల్లో ఏదో ఇంగ్లీషు ఎర్రర్ చూపిస్తుందా? సాక్షులిద్దరూ అదే నిమిషంలో సంతకం నొక్కితే రెండూ నిలుస్తున్నాయా, ఒకటి ఇంకోదాన్ని తుడిచేస్తోందా? ఈ చివరిది చాలామంది చూడరు. ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టి నొక్కించండి.

ఒప్పుకోనివాళ్ల దారి కూడా నడిచి చూడాలి. సాక్షి ‘నేను పెట్టను’ అంటే ఫారం ఎవరి దగ్గరికి తిరిగి వస్తుంది? రైతుకు తెలుస్తుందా? సాక్షిని మారిస్తే అప్పటికే పడ్డ సంతకాలు నిలుస్తాయా, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందా? నామినీ మధ్యలో చనిపోతే? అడగడానికి మనసు ఒప్పుకోని ప్రశ్నే, కానీ ఏ సంఘానికైనా ఒకరోజు ఎదురవుతుంది. ఆ రోజు ఆ ఇంటివాళ్లను ఆఫీసు చుట్టూ తిప్పకుండా ఉండాలంటే జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి.

ఇంట్లో భార్యాభర్తలకు ఒకే ఫోన్ ఉంది. రైతుది, నామినీది ఒకే నంబరు ఇస్తే ఏమవుతుంది?

మన ఊళ్లలో దీన్ని అరుదైన కేసు అనుకోవద్దు. ఇదే మామూలు కేసుగా పెట్టుకుని పరీక్షించండి. చాలా సిస్టమ్‌లు ఫోన్ నంబరునే మనిషిగా లెక్కేస్తాయి. అప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. ‘ఈ నంబరు ఇప్పటికే ఉంది’ అని నామినీని ఆపేస్తుంది. లేకపోతే ఇద్దరినీ ఒకే మనిషి అనుకుని, భర్త పెట్టిన సంతకంతోనే భార్య వంతు కూడా అయిపోయినట్టు చూపిస్తుంది. మొదటిది విసుగు పుట్టిస్తుంది. రెండోది అన్యాయం, ఎందుకంటే ఆమె ఆ కాగితం చూడనే లేదు.

ఒకే నంబరు ఇచ్చినా రెండు వేరు ఓటీపీలు రావాలి, ఎవరి కోసం వచ్చిందో మెసేజ్‌లోనే పేరు ఉండాలి. నామినీ పేజీ తెరవగానే ఆమె పేరు పైన పెద్దగా కనిపించాలి. ఇంకో దారి, నాకు మేలనిపించేది ఏంటంటే, ఇలాంటివాళ్లకు ఆఫీసులోనే ట్యాబ్ ముందు కూర్చుని సంతకం పెట్టే వీలు ఇవ్వడం. అప్పుడు ఫారంలో ఏముందో ఆమె స్వయంగా చదువుకుంటుంది, లేదా వింటుంది. ఆ దారిని కూడా విడుదలకు ముందే పరీక్షించాలి. ఒకరి పని కాగానే ట్యాబ్‌లో వాళ్ల వివరాలు మాయమై, తర్వాతి మనిషికి కొత్తగా తెరుచుకుంటోందా అన్నది అక్కడ ముఖ్యం.

మెసేజ్‌లు మా ఆఫీసు ఫోన్లకు వచ్చాయి, సభ్యులకు రాలేదు. ఎందుకు?

పరీక్ష మోడ్‌లో వెళ్లే మెసేజ్‌ల దారి వేరు, నిజంగా వెళ్లేవాటి దారి వేరు అయి ఉండొచ్చు. మన దేశంలో సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, మెసేజ్ నమూనా రెండూ డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వేదికలో నమోదై ఉండాలి. నమోదు చేసిన నమూనాకూ, మీ ఫారం పంపే మాటలకూ ఒక్క పదం తేడా వచ్చినా మెసేజ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. పైగా 2024 అక్టోబర్ 1 నుంచి, ముందుగా అనుమతి జాబితాలో చేర్చని లింకులున్న మెసేజ్‌లను టెలికాం కంపెనీలు ఆపేస్తున్నాయి. సంతకం మెసేజ్‌లో లింకే కదా ప్రాణం! కాబట్టి అసలు నమూనాతో, అసలు లింక్‌తో, వేరువేరు కంపెనీల సిమ్‌లకు పంపి చూడండి.

తెలుగులో పంపితే ఇంకో లెక్క ఉంది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్ ఒకదానిలో 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. గుణింతం గుర్తులు, పొల్లు, వత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. మెసేజ్ రెండు మూడు ముక్కలైతే ఖర్చు పెరుగుతుంది. అయినా తెలుగులోనే పంపండి, మాట కుదించండి.

లింక్ తెరిస్తే ‘ఇప్పటికే వాడారు’ అంటోంది. ఎవరూ వాడలేదు!

ఒక్కసారే పనిచేసే లింకులతో ఇది జరుగుతుంది. వాట్సాప్ వంటి యాప్‌లు లింక్ కింద చిన్న బొమ్మ చూపించడానికి, మెయిల్ రక్షణ సాఫ్ట్‌వేర్లు వైరస్ ఉందేమో చూడడానికి, మనిషి కంటే ముందే లింక్‌ను తెరుస్తాయి. పేజీ తెరిచినంత మాత్రాన లింక్ ఖర్చు కాకూడదు. లోపల ‘కొనసాగండి’ నొక్కాకే లెక్కలోకి రావాలి. నామినీ లింక్‌ను ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. ఓటీపీ అడగకుండా లోపలికి పోనిస్తే ఆ ఫారం ఇంకా సిద్ధం కాలేదు.

తెలుగు పేర్లు స్క్రీన్ మీద బాగున్నాయి, పీడీఎఫ్‌లో విరిగిపోతున్నాయి.

బ్రౌజర్‌కు తెలుగు వత్తులు కలపడం వచ్చు. పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లన్నిటికీ రాదు. అప్పుడు పొల్లు ఒకచోట, వత్తు ఒకచోట పడతాయి. ఫాంట్ లేకపోతే డబ్బాలు పడతాయి. రాము, సీత లాంటి తేలిక పేర్లతో పరీక్షిస్తే ఇది బయటపడదు. రాజ్యలక్ష్మి, కృష్ణయ్య, వెంకటేశ్వర్లు, జ్యోత్స్న లాంటి పేర్లు రాయండి. ఊరి పేరు శ్రీరంగాపూర్, మక్తల్, మిర్యాలగూడ అని పెట్టండి. పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో ఒకసారి, మామూలు ఫోన్‌లో ఒకసారి తెరవండి. ప్రింట్ కూడా తీయండి, ఎందుకంటే చివరికి చాలామంది దాన్ని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకునే దాచుకుంటారు.

ఆధార్‌లో ఒక పేరు, పాసుబుక్కులో ఇంకో పేరు. జిల్లా కూడా తేడా. ఫారం ఒప్పుకోవడం లేదు.

తప్పు సభ్యుడిది కాదు. ఒకచోట ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. మహ్మద్ అన్న పేరు ఒక కార్డులో పూర్తిగా, ఇంకో కార్డులో ఎం.డి. అని ఉంటుంది. లక్ష్మమ్మ పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మనకు తెలిసిందే. అక్షరం అక్షరం కలవాలని పట్టుబట్టే ఫారం నిజమైన మనిషిని బయట నిలబెడుతుంది. తేడా వస్తే ఆపేయకుండా ‘కార్యదర్శి చూడాలి’ అని గుర్తుపెట్టి ముందుకు పంపేలా చేయించండి. తర్వాత ఇలాంటి జంట పేర్లతోనే పరీక్షించండి.

జిల్లాల సంగతి ఇంకా ముఖ్యం. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. పాత ఆధార్ కార్డుల మీద ఇప్పటికీ పాత జిల్లా పేరే ఉంటుంది. అచ్చంపేట మనిషి కార్డు మీద మహబూబ్‌నగర్ అని ఉంటే, మీ జాబితాలో అచ్చంపేట నాగర్‌కర్నూల్ కింద ఉంటే, ఫారం ఏమంటుందో చూడండి. మహబూబ్‌నగర్ పేరునే ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులతో రాస్తారు, అదీ చూడండి.

పుట్టిన తేదీ దగ్గర కూడా ఆగండి. కొందరి ఆధార్‌లో సంవత్సరం మాత్రమే ఉంటుంది. రోజు, నెల తప్పనిసరి అంటే వాళ్లు ఏదో ఒకటి కల్పించి రాస్తారు. 18 ఏళ్లు నిండని నామినీ పేరు ఇస్తే సంతకం సంరక్షకుడికి వెళ్లాలి. రేపటితో 18 నిండే తేదీ ఒకటి, నిన్నటితో నిండిన తేదీ ఒకటి పెట్టి రెండూ పరీక్షించండి.

సంతకం రానివాళ్ల సంగతి ఏంటి?

తెర మీద వేలితో గీసిన గీత వేలిముద్ర కాదు. ఆ తేడా సంఘం పెద్దలకు ముందే చెప్పండి. సంతకం రానివాళ్ల కోసం కాగితం దారి ఒకటి తప్పకుండా ఉంచాలి: ఫారం ప్రింట్ తీసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, చదివి వినిపించినవారి పేరు కూడా రాయించి, స్కాన్ చేసి అదే రికార్డుకు జోడించడం. ఆ స్కాన్ చేర్చాక మిగిలినవాళ్ల వంతు ఆన్‌లైన్‌లో మామూలుగా సాగుతోందా అన్నదే పరీక్ష. వేలిముద్ర యంత్రం ఉంది కదా అనుకోవద్దు. ఏళ్ల తరబడి పలుగు, పార పట్టిన చేతుల్లో గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఒప్పుకోకపోతే ఆ మనిషి అందరి ముందు చిన్నబోతాడు. అతన్ని ఆ పరిస్థితిలోకి నెట్టకండి.

కుటుంబంలో సగం మంది ముంబయి, పుణె వైపు పనికి పోయారు. గడువు ఎంత పెట్టాలి?

పాలమూరు ఊళ్లలో అసలు ఇలాంటి ఫారం అవసరం ఇక్కడే ఉంది. కాగితమైతే ఆ మనిషి దసరాకో పీర్ల పండుగకో ఊరికొచ్చేదాకా ఆగాల్సిందే. లింక్‌కు మూడు రోజుల గడువు పెడితే వాళ్లకు ఏ ఉపయోగమూ లేదు. సైట్ దగ్గర రోజంతా పని, ఫోన్ చూసేది రాత్రే. పదిహేను రోజులైనా ఇవ్వండి, మధ్యలో గుర్తుచేసే మెసేజ్‌లు పెట్టండి. గడువు దాటితే మొత్తం ఫారం రద్దు కాకూడదు. ఆ ఒక్కరికే కొత్త లింక్ వెళ్లాలి, ముందు పడ్డ సంతకాలు అలాగే ఉండాలి. పరీక్షలో గడువును పది నిమిషాలకు కుదించి ఇదంతా చూడొచ్చు.

గడియారం కూడా చూడండి. చాలా సర్వర్లు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం వాడతాయి, అది మన సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. సరిచేయకపోతే, తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్‌కు బయల్దేరుతూ రైతు పెట్టిన సంతకం మీద ముందు రోజు తేదీ పడుతుంది.

సిగ్నల్ సరిగా లేని ఊళ్లకు?

అమ్రాబాద్ వైపు నల్లమల ఊళ్లలోనో, దేవరకొండ తండాల్లోనో ఉన్నట్టు పరీక్షించండి. సంతకం గీసి ‘పంపు’ నొక్కిన వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మళ్లీ నెట్ వచ్చాక ఏమైంది? సంతకం పోయిందా, రెండుసార్లు పడిందా, చేరిందో లేదో మనిషికి తెలిసిందా? పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తప్పక తీసుకోండి. సంతకం గీస్తుంటే పేజీ కదలడం, కీబోర్డు వచ్చి బటన్‌ను కప్పేయడం అందులోనే కనిపిస్తాయి.

ఆధార్ ఈ-సైన్ (ఆధార్ ఓటీపీతో పెట్టే ఎలక్ట్రానిక్ సంతకం) పెట్టుకున్నాం. దాన్ని ఎలా పరీక్షించాలి?

ముఖ్యమైన విషయం, ఈ-సైన్ ఓటీపీ వెళ్లేది ఫారంలో ఇచ్చిన నంబరుకు కాదు, ఆధార్‌తో లింకైన నంబరుకు. సిమ్ మార్చి ఆధార్‌లో మార్పించుకోనివాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఫారం మొదట్లోనే ఆ మాట రాయండి. సర్వీసు ఇచ్చేవాళ్ల పరీక్ష మోడ్‌లో ఓటీపీ నిజంగా వెళ్లకపోవచ్చు కాబట్టి విడుదలకు ముందు మీ సిబ్బంది నిజమైన ఈ-సైన్‌తో ఒక ఫారాన్ని చివరిదాకా పూర్తిచేయాలి. ఆధార్ నంబరు టైప్ చేసేది ఈ-సైన్ సంస్థ పేజీలో. మీ ఫారంలో ఆ గడి పెట్టకండి.

పీడీఎఫ్ తెరిస్తే సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తోంది. సంతకం చెల్లదా?

ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసినప్పుడు కూడా అదే కనిపిస్తుంది. ఆ సంతకాన్ని ధ్రువీకరించే మన దేశపు డిజిటల్ సర్టిఫికెట్‌ను ఆ పీడీఎఫ్ రీడర్ ఇంకా నమ్మకమైన జాబితాలో పెట్టుకోలేదని దాని అర్థం. దానికి భయపడక్కర్లేదు. ‘సంతకం తర్వాత పత్రం మారింది’ అని వస్తే మాత్రం పని ఆపండి. రెండో మనిషి సంతకం పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌ను మళ్లీ కొత్తగా తయారుచేస్తే మొదటి మనిషి సంతకం విరిగిపోతుంది. పాత ఫైల్‌ను ముట్టుకోకుండా దాని చివర కొత్త సంతకం చేర్చాలి. ప్రతి సంతకం తర్వాతా ఫైల్ దించుకుని, వెనకటి సంతకాలు నిలిచాయో లేదో చూడండి. బహుసంతకాల ఫారంలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే.

ఇలాంటి సంతకాలు చట్టం ముందు నిలుస్తాయా? ఏ కాగితమైనా ఇలా చేయొచ్చా?

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 5వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సంతకాన్ని గుర్తిస్తుంది. 10ఏ సెక్షన్ ప్రకారం ఆన్‌లైన్‌లో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. కానీ వీలునామా, ట్రస్టు పత్రం ఇలా చేయకూడదు. భూమి అమ్మకం రిజిస్ట్రేషన్ లేకుండా కాదు. గొడవ వచ్చి కోర్టుకు వెళ్తే ఎలక్ట్రానిక్ రికార్డుకు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ అవసరమవుతుంది. అందుకని ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి తెరిచారో, ఎప్పుడు సంతకం పెట్టారో చెప్పే చిట్టా ఫారంతో పాటే దిగుతోందా చూడండి. డబ్బు లావాదేవీ ఉన్న పత్రమైతే వకీలుకు ఒకసారి చూపించండి.

పరీక్షలో వాడిన వివరాలు ఏం చేయాలి?

మొదటి నుంచీ కల్పిత వివరాలే వాడండి, పొరుగింటి వాళ్ల ఆధార్ కాపీ వద్దు. ప్రతి పరీక్ష పీడీఎఫ్ మీద ‘పరీక్ష కోసం మాత్రమే’ అని అడ్డంగా పడేలా చేయించండి. విడుదల రోజున పాత రికార్డులు తీసేసి, సభ్యత్వ నంబరు మళ్లీ 1 నుంచే మొదలవుతోందో లేదో చూడండి.

విడుదలయ్యాక ఫారంలో ఒక్క వాక్యం మార్చాలి. మళ్లీ పరీక్షించాలా?

అవును. అప్పటికే కొన్ని ఫారాలు సగం సంతకాలతో తిరుగుతూ ఉంటాయి. రైతు పాత వాక్యం చదివి సంతకం పెట్టాడు, సాక్షికి కొత్త వాక్యం కనిపిస్తే ఇద్దరూ సంతకం పెట్టింది వేరు కాగితాల మీద అవుతుంది. మొదలైనవి పాత రూపంలోనే పూర్తవ్వాలి, కొత్తగా తెరిచినవి మాత్రమే కొత్త రూపంలో రావాలి. మార్చేముందు ఒక పరీక్ష ఫారాన్ని నామినీ దగ్గర ఆపి ఉంచండి. మార్పు పెట్టాక సాక్షి లింక్ తెరిచి, ఏ వాక్యం కనిపిస్తోందో చదవండి.